స్కీయింగ్ యాత్రకు ఎంత ఖర్చవుతుంది? మంచు పడకపోతే పోయే సొమ్ము ఎంత?

2024 డిసెంబరు చివరి వారంలో కశ్మీర్‌లో భారీగా మంచు కురిసింది. శ్రీనగర్‌లో విమానాలు రద్దయ్యాయి. జమ్మూ-శ్రీనగర్ జాతీయ రహదారిపై రాకపోకలు ఆగిపోయాయి. పర్యాటకులు ఎక్కడివారక్కడ చిక్కుకుపోయారు.

రెండు నెలలు తిరిగేసరికి పరిస్థితి తలకిందులైంది. 2025 ఫిబ్రవరి 22న గుల్‌మార్గ్‌లో మొదలు కావాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక వాయిదా పడ్డాయి. చివరికి మార్చి 9 నుంచి 12 వరకు జరిగాయి.

ఒకే చలికాలంలో ఒకసారి మంచు ఎక్కువై, మరోసారి తక్కువై యాత్రలు దెబ్బతిన్నాయి. స్కీయింగ్‌కు వెళ్లాలనుకునే కుటుంబం బడ్జెట్ వేసుకునేటప్పుడు మొదట గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. గోవాకో, ఊటీకో వెళ్తే టికెట్, గది, టాక్సీ, భోజనం కలిపితే లెక్క తేలిపోతుంది. స్కీయింగ్‌లో ఇవన్నీ కట్టినా, వెళ్లిన పని జరుగుతుందన్న హామీ లేదు. అందుకే ఇక్కడ బడ్జెట్ అంటే ధరల జాబితా ఒక్కటే కాదు. ఏ సొమ్ము తిరిగొస్తుంది, ఏది రాదు, ఎక్కడ తగ్గించుకోవచ్చు, ఎక్కడ తగ్గించుకుంటే ప్రమాదం అన్నవి కూడా ముందే తేల్చుకోవాలి.

భారత్‌లో స్కీయింగ్ ఎక్కడ?

దేశంలో స్కీయింగ్ అనగానే ముందుగా వినిపించే పేరు జమ్మూ కశ్మీర్‌లోని గుల్‌మార్గ్. బారాముల్లా జిల్లాలో, శ్రీనగర్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, దాదాపు 2,650 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఇక్కడి కేబుల్ కారును గొండోలా అంటారు. 1998లో ప్రారంభమైన మొదటి దశ గుల్‌మార్గ్ నుంచి కొంగ్‌దూరి వరకు, 2005లో వచ్చిన రెండో దశ అక్కడి నుంచి అఫర్వత్ కొండ మీద 3,900 మీటర్లు దాటిన ఎత్తు వరకు తీసుకెళ్తాయి. కొత్తగా నేర్చుకునేవారికి కావాల్సిన చిన్న వాలులు కిందనే ఉంటాయి. అఫర్వత్ వాలులు అనుభవం ఉన్నవారికి మాత్రమే.

ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో ఉన్న ఔలీ రెండోది. 2011లో మొదటి దక్షిణాసియా శీతాకాల క్రీడలకు వేదికైన చోటు ఇది. రిషికేశ్ నుంచి జోషీమఠ్‌కు దాదాపు 250 కిలోమీటర్ల కొండదారి. జోషీమఠ్ నుంచి ఔలీకి వెళ్లే రోప్‌వే 2023 జనవరిలో, ఆ పట్టణంలో నేల కుంగి ఇళ్లు బీటలు వారినప్పుడు ఆగిపోయింది. కాబట్టి ఔలీకి బడ్జెట్ వేసేవారు రోడ్డు ప్రయాణాన్నే లెక్కలోకి తీసుకోవడం మంచిది. హైదరాబాద్ నుంచి బయల్దేరితే వెళ్లడానికి, రావడానికి చెరో రెండు రోజులు కేటాయించాలి.

హిమాచల్‌ప్రదేశ్‌లో మనాలీకి 13 కిలోమీటర్ల దూరంలోని సోలాంగ్ లోయ, సిమ్లాకు అవతల ఉన్న నార్కండా మూడో రకం. వాలులు చిన్నవి. ఎలాగూ మనాలీ వెళ్తున్నవారు గంటో రెండు గంటలో స్కీలు అద్దెకు తీసుకుని చూడటానికి సోలాంగ్ చాలు. స్కీయింగ్ తనకు పడుతుందా లేదా అని తేల్చుకోవడానికి ఇదే అన్నిటికంటే చవక దారి. నేర్చుకోవడమే ఉద్దేశమైతే మాత్రం ఇక్కడ గంటల లెక్కన పెట్టే ఖర్చుతో పెద్దగా ఫలితం ఉండదు.

సంక్రాంతికా, ఫిబ్రవరిలోనా?

తెలుగు కుటుంబాలకు చలికాలంలో దొరికే పెద్ద సెలవు సంక్రాంతి. కశ్మీర్‌లో అది చిల్లై కలాన్ కాలం. డిసెంబరు 21తో మొదలై 40 రోజులు సాగే ఈ గడ్డు చలికి స్థానికులు పెట్టుకున్న పేరు అది. చలి గడ్డుగా ఉన్నంత మాత్రాన మంచు పడాలని లేదు. మధ్యధరా ప్రాంతం వైపు నుంచి వచ్చే పశ్చిమ అలజడులు చేరితేనే హిమపాతం. అవి రాకపోతే ఎముకలు కొరికే చలిలోనూ నేల పొడిగానే ఉంటుంది.

2024లో జరిగింది అదే. ఆ జనవరి మధ్యలో, సరిగ్గా సంక్రాంతి రోజుల్లో గుల్‌మార్గ్ వాలులు బోడిగా కనిపించాయి. నెలాఖరులో గానీ చెప్పుకోదగ్గ మంచు రాలేదు. ఫిబ్రవరి వచ్చేసరికి శీతాకాల క్రీడలు జరపడానికి సరిపడా మంచు ఉంది.

ఫిబ్రవరిలో పేరుకున్న మంచు మందంగా ఉండే అవకాశం ఎక్కువ. 2025లోలా అదీ తప్పవచ్చు. పైగా ఫిబ్రవరి ఆఖరు నుంచి మార్చి వరకు ఇంటర్, పదో తరగతి పరీక్షలు ఉంటాయి. పిల్లల చదువుల వల్ల సంక్రాంతికి తప్ప వెళ్లలేని కుటుంబం, మంచు లేకపోయినా ఆనందించగల యాత్రగా ప్రణాళిక వేసుకోవాలి. శ్రీనగర్‌కు రెండు రోజులు, గుల్‌మార్గ్‌కు మిగతా రోజులు అన్నట్టు విభజించుకుంటే నష్టం కొంత తగ్గుతుంది. స్కీయింగ్ ఒక్కటే లక్ష్యమైనవారు, సెలవు తమ చేతిలో ఉన్నవారు ఫిబ్రవరికి జరుపుకోవడం మేలు.

ఒక నమూనా లెక్క

హైదరాబాద్‌కు చెందిన ఇద్దరు పెద్దవాళ్లు, ఇంతవరకు స్కీలు తొడగనివారు, 6 రాత్రుల యాత్రకు వెళ్తున్నారనుకుందాం. గుల్‌మార్గ్‌లో 4 రోజులు స్కీయింగ్. కింది అంకెలు మార్కెట్ ధరలు కావు, లెక్క వేసే పద్ధతి చూపడానికి అనుకున్నవి. ఎవరికి వారు తమకు వచ్చిన కొటేషన్లను ఈ పద్దుల్లో వేసుకోవాలి.

- విమాన టికెట్లు: రూ.40,000
- బస, 6 రాత్రులు, రోజుకు రూ.5,000 చొప్పున: రూ.30,000
- టాక్సీలు: రూ.10,000
- భోజనం, రోజుకు రూ.1,500 చొప్పున: రూ.9,000
- స్కీలు, బూట్లు, కర్రలు, హెల్మెట్ అద్దె, ఒక్కొక్కరికి రోజుకు రూ.1,000 చొప్పున: రూ.8,000
- శిక్షకుడు, ఇద్దరికీ కలిపి రోజుకు రూ.2,500 చొప్పున: రూ.10,000
- గొండోలా, లిఫ్టులు, ఒక్కొక్కరికి రోజుకు రూ.1,000 చొప్పున: రూ.8,000
- చలి దుస్తుల కొనుగోలు, అద్దె: రూ.5,000

మొత్తం రూ.1,20,000.

ఇందులో అసలు స్కీయింగ్ ఖర్చు, అంటే పరికరాలు, శిక్షకుడు, లిఫ్టులు కలిపితే రూ.26,000. మొత్తంలో నాలుగో వంతు కూడా లేదు. మిగతాదంతా అక్కడికి చేరడానికి, ఉండటానికి అయ్యేదే. చాలామంది బేరం ఆడేది మాత్రం ఆ నాలుగో వంతు దగ్గరే.

మొత్తాన్ని స్కీయింగ్ చేసిన రోజులతో భాగిస్తే అసలు ధర తెలుస్తుంది. ఇద్దరు, 4 రోజులు అంటే 8 రోజుల లెక్క. మనిషికి రోజుకు రూ.15,000 పడింది. గాలివానకో, మంచు తుపానుకో ఒక రోజు పోయి, ఆ రోజు స్కీయింగ్ ఖర్చు తిరిగి రాకపోతే అదే లెక్క రూ.20,000 అవుతుంది.

ఇప్పుడు యాత్రను మరో 2 రోజులు పొడిగించి చూద్దాం. విమానం ఖర్చు పెరగదు. దుస్తులు ఉన్నవే. బస, భోజనం, అద్దె, శిక్షకుడు, లిఫ్టులు కలిపి ఇద్దరికీ రోజుకు రూ.13,000, అంటే మనిషికి రూ.6,500. మొత్తం రూ.1,46,000కు చేరినా, 6 రోజుల స్కీయింగ్ మీద చూస్తే మనిషికి రోజుకు పడేది సుమారు రూ.12,170. మొదటి రోజు చాలా ఖరీదు, తర్వాతి రోజులు చవక. అందుకే రెండేళ్లలో రెండు చిన్న యాత్రలు చేయడం కన్నా డబ్బు కూడబెట్టి ఒక పొడవైన యాత్ర చేయడం లాభం. నేర్చుకోవడంలోనూ అంతే. మొదటి రెండు రోజులు పడటానికి, లేవడానికి, ఆగడానికి సరిపోతాయి. మలుపులు అలవాటయ్యేసరికి తిరుగు ప్రయాణం వచ్చేస్తే పెట్టిన ఖర్చుకు తగిన అనుభవం దక్కదు.

ప్రభుత్వ సంస్థల కోర్సులు

సెలవు ఎక్కువ ఉండి, హోటల్ సౌకర్యాలు అక్కర్లేదనుకునేవారికి వేరే దారి ఉంది. కేంద్ర పర్యాటక శాఖ కింద గుల్‌మార్గ్‌లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ ఉంది. పహల్‌గామ్ కేంద్రంగా ఉన్న జవహర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్ అండ్ వింటర్ స్పోర్ట్స్, మనాలీలోని అటల్ బిహారీ వాజ్‌పేయీ పర్వతారోహణ సంస్థ, ఔలీలో గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ కూడా స్కీయింగ్ నేర్పిస్తాయి. వారం నుంచి రెండు వారాల వరకు సాగే ఈ కోర్సుల్లో సాధారణంగా శిక్షణ, బస, భోజనం, పరికరాలు అన్నిటికీ కలిపి ఒకే రుసుము ఉంటుంది.

పై లెక్కలో బస, భోజనం, అద్దె, శిక్షకుడు అని నాలుగు పద్దులుగా ఉన్నది ఇక్కడ ఒకే అంకెగా మారుతుంది. ముందే తెలిసిన అంకె కాబట్టి దారిలో పెరగదు. దీనికి బదులు కొన్ని వదులుకోవాలి. తేదీలు సంస్థ నిర్ణయిస్తుంది. వయసు పరిమితి, వైద్య ధ్రువపత్రం అడుగుతారు. వసతి గదిని మరికొందరితో పంచుకోవాలి. సీట్లు తక్కువ కాబట్టి చలికాలం రాకముందే దరఖాస్తు చేయాలి. చిన్న పిల్లలున్న కుటుంబానికి ఇది కుదరదు. ఉద్యోగంలో కొత్తగా చేరిన యువతకు, విద్యార్థులకు ఇంతకన్నా లాభసాటి మార్గం దేశంలో లేదు.

గది అద్దె మీద పన్ను లెక్క

2025 సెప్టెంబరు 22 నుంచి హోటల్ గది అద్దె రోజుకు రూ.7,500 వరకు ఉంటే జీఎస్టీ 5 శాతం. అది దాటితే 18 శాతం. రూ.7,400 గదికి పన్నుతో కలిపి రూ.7,770 అవుతుంది. రూ.7,600 గదికి రూ.8,968. గది ధరలో తేడా రూ.200, చెల్లించే సొమ్ములో తేడా రూ.1,198. నాలుగు రాత్రులకు దాదాపు రూ.4,800. హోటల్ చెప్పిన ధర పన్నుతో కలిపా, పన్ను కాకుండానా అన్నది అడిగి తెలుసుకున్నాకే పోల్చి చూడాలి.

గుల్‌మార్గ్‌లో గదులు తక్కువ, గిరాకీ ఎక్కువ. కింద 13 కిలోమీటర్ల దూరంలోని టంగ్‌మార్గ్‌లో బస చవగ్గా దొరుకుతుంది. రోజూ పైకి వెళ్లి రావడానికి టాక్సీ కావాలి. మంచు ఎక్కువగా ఉన్నప్పుడు టైర్లకు గొలుసులు ఉన్నవో, నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందేవో తప్ప మిగతా బండ్లను పైకి పోనివ్వరు. శ్రీనగర్ నుంచి మాట్లాడుకున్న టాక్సీ టంగ్‌మార్గ్ దగ్గర ఆగిపోతే అక్కడి నుంచి వేరే బండికి మళ్లీ చెల్లించాలి. బేరం కుదుర్చుకునేటప్పుడే ఈ సంగతి తేల్చుకోవాలి. రానుపోను ఖర్చు కలిపితే టంగ్‌మార్గ్ గది చవక అవునో కాదో తెలుస్తుంది.

తిరిగొచ్చే సొమ్ము, రాని సొమ్ము

నమూనా లెక్కనే మళ్లీ చూద్దాం. ఇంటి దగ్గర బయల్దేరక ముందే చేతి నుంచి పోయేవి మూడు: టికెట్లు రూ.40,000, దుస్తులు రూ.5,000, హోటల్ సొమ్ము. హోటల్‌కు మొత్తం ముందే కడితే రూ.75,000 ఇరుక్కుపోతుంది. 2 రాత్రులకే అడ్వాన్సు ఇచ్చి మిగతాది అక్కడ కడితే రూ.55,000. టాక్సీ, భోజనం, పరికరాలు, శిక్షకుడు అన్నవి అక్కడికి వెళ్లాక చెల్లించేవి కాబట్టి మంచు పడకపోతే ఆ సొమ్ము జేబులోనే ఉంటుంది. అంతా కలిపి ఒకేసారి కట్టించుకునే ప్యాకేజీ కొంత చవగ్గా కనిపించవచ్చు. కానీ మంచు పడకపోతే నష్టమంతా కొన్నవారిదే.

హోటల్‌ను, ఏజెంటును అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: మంచు లేదని రద్దు చేసుకుంటే ఎంత తిరిగిస్తారు, ఏ తేదీ వరకు ఇస్తారు? జవాబు ఈమెయిల్‌లోనో, వాట్సాప్‌లోనో రాతపూర్వకంగా ఉండాలి. డబ్బు వెనక్కి ఇవ్వకపోయినా తేదీ మార్చుకోవడానికి ఒప్పుకునే హోటళ్లు ఉంటాయి. స్కీయింగ్‌కు వెళ్లేవారికి ధరలో రాయితీ కన్నా ఆ వెసులుబాటే విలువైనది.

విమాన టికెట్ల విషయంలో పౌర విమానయాన డైరెక్టరేట్ నిబంధనలు ఉన్నాయి. వాతావరణం వల్ల విమాన సంస్థే సర్వీసును రద్దు చేస్తే టికెట్ సొమ్ము వాపసు గానీ, మరో విమానంలో చోటు గానీ ఇవ్వాలి. వాతావరణం సంస్థ చేతిలో లేనిది కాబట్టి అదనపు పరిహారం రాదు. ప్రయాణికులే మానుకుంటే రద్దు రుసుము బేసిక్ ఫేర్, ఇంధన సర్‌ఛార్జీ కలిపిన మొత్తాన్ని మించకూడదు. పన్నులు, విమానాశ్రయ రుసుములు వెనక్కి ఇవ్వాలి. విమానం రద్దయితే టికెట్ డబ్బు వస్తుంది గానీ శ్రీనగర్‌లో అదనంగా గడిపిన రెండు రాత్రుల ఖర్చు ఎవరూ ఇవ్వరు. అందుకు వేరే నిధి ఉండాలి. నమూనా లెక్క ప్రకారం 2 రాత్రుల బస, భోజనం రూ.13,000, అదనపు టాక్సీ రూ.5,000 కలిపి రూ.18,000. మొత్తం బడ్జెట్‌లో ఇది 15 శాతం. ఇది ఖర్చుపెట్టడానికి కాదు, కదపకుండా వెనక్కి తెచ్చుకోవడానికి పట్టుకెళ్లే సొమ్ము.

2025 జూన్‌లో కట్రా నుంచి శ్రీనగర్‌కు వందే భారత్ రైలు మొదలవడంతో మరో దారి తెరుచుకుంది. చెన్నై నుంచి కట్రా వెళ్లే అండమాన్ ఎక్స్‌ప్రెస్ విజయవాడ, వరంగల్ మీదుగానే పోతుంది. రానుపోను రోజులు ఎక్కువ పడతాయి కాబట్టి వారం సెలవుకు ఇది కుదరదు. విమానాలు ఆగిపోయిన రోజున లోయ నుంచి జమ్మూ వైపు రావడానికి మాత్రం పనికొస్తుంది.

భద్రత కూడా లెక్కలో ఉండాల్సిన విషయమే. 2025 ఏప్రిల్ 22న పహల్‌గామ్ దగ్గర బైసరన్‌లో జరిగిన ఉగ్రదాడిలో 26 మంది చనిపోయారు. ఆ తర్వాత కశ్మీర్‌లో పదుల సంఖ్యలో పర్యాటక స్థలాలను ప్రభుత్వం మూసి, దశలవారీగా తెరిచింది. యాత్రలు పెద్దసంఖ్యలో రద్దయ్యాయి. అలాంటప్పుడు వాపసు ఇస్తారా లేదా అన్నది కూడా ముందే అడగాల్సిన ప్రశ్నల్లో ఒకటి.

ఆరోగ్య బీమా సరిపోతుందా?

స్కీయింగ్‌లో కాలు మెలిపడటం, మోకాలి లిగమెంట్ తెగడం, మణికట్టు విరగడం అరుదు కాదు. పెద్ద గాయమైతే శ్రీనగర్‌కు రావాలి. మంచు దారిలో 50 కిలోమీటర్లు.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆరోగ్య పాలసీలకు నిర్దేశించిన ప్రామాణిక మినహాయింపుల్లో తొమ్మిదోది సాహస క్రీడల గురించి చెబుతుంది. ప్రమాదకరమైన, సాహస క్రీడల్లో వృత్తిరీత్యా పాల్గొన్నప్పుడు అవసరమైన చికిత్సకు పరిహారం ఉండదన్నది దాని సారాంశం. సెలవుకు వెళ్లి సరదాగా స్కీయింగ్ చేసి గాయపడినవారికి ఈ నిబంధన అడ్డు కాకూడదు. అయినా పాలసీ పత్రంలో ఆ మాటలు అలాగే ఉన్నాయా అన్నది చూసుకోవాలి.

ప్రయాణ బీమా, ప్రమాద బీమా పాలసీలు వేరు. వాటిలో చాలావరకు సాహస క్రీడలను మినహాయిస్తాయి, లేదా అదనపు ప్రీమియం కడితేనే చేరుస్తాయి. కొనేముందు నాలుగు విషయాలు అడగాలి. స్కీయింగ్ పేరు స్పష్టంగా ఉందా? సిద్ధం చేసిన వాలుల బయట చేస్తే వర్తిస్తుందా? కొండ మీద నుంచి ఆస్పత్రికి తరలించే ఖర్చు ఇస్తారా? వాతావరణం వల్ల యాత్ర రద్దయితే హోటల్ సొమ్ము వస్తుందా? నాలుగోదానికి అవునని రాతపూర్వకంగా చెప్పే పాలసీ దొరికితే, దాని ప్రీమియాన్ని ఇరుక్కుపోయే సొమ్ముతో పోల్చి తీసుకోవచ్చు.

ఎక్కడ తగ్గించుకోవచ్చు, ఎక్కడ కూడదు?

దుస్తుల్లో తగ్గించుకోవచ్చు. ఒకే యాత్రకు ఖరీదైన స్కీ జాకెట్ కొనక్కర్లేదు. నీరు ఇంకని పైదుస్తులు అద్దెకు తీసుకోవచ్చు, తెలిసినవారి దగ్గర అడిగి తెచ్చుకోవచ్చు. లోపల వేసుకునే థర్మల్స్, ఉన్ని మేజోళ్లు, చేతి తొడుగులు మాత్రం సొంతవి ఉండాలి. నూలు దుస్తులు చెమటకు తడిసి ఆరక చలి పెంచుతాయి. జీన్స్ ప్యాంటుతో మంచులో దిగితే పది నిమిషాల్లో తడిసిపోతుంది.

గొండోలా టికెట్‌లోనూ తగ్గించుకోవచ్చు. నేర్చుకునే రోజుల్లో రెండో దశ వరకు వెళ్లాల్సిన అవసరం లేదు. చివరి రోజు చూడటానికి వెళ్తే చాలు. గాలి ఎక్కువైనా, మంచు చరియలు విరిగిపడే ప్రమాదం ఉన్నా రెండో దశను ఆపేస్తారు. ముందే ఆన్‌లైన్‌లో కొనేవారు రద్దయితే వాపసు నిబంధన ఏమిటో చదువుకున్నాకే చెల్లించాలి. సముద్రమట్టానికి అయిదారు వందల మీటర్ల ఎత్తున ఉండే హైదరాబాద్ నుంచి వచ్చినవారు మొదటి రోజే దాదాపు 4,000 మీటర్లకు వెళ్తే తలనొప్పి, వికారం రావచ్చు. చివరి రోజుకు వాయిదా వేయడం ఒంటికీ మంచిదే.

తగ్గించుకోకూడనివి మూడు. మొదటిది బూట్లు. పాదానికి సరిగ్గా సరిపడని స్కీ బూటు వల్లే చాలామందికి రెండో రోజుకల్లా ఉత్సాహం పోతుంది. వదులు బూటు గాయాలకూ దారితీస్తుంది. అద్దె రూ.200 ఎక్కువైనా సరైన కొలత దొరికే దుకాణానికే వెళ్లాలి. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌ను వాడేవారి బరువుకు తగ్గట్టు బిగించమని అడగాలి. పడినప్పుడు అది ఊడితేనే మోకాలు దక్కుతుంది. రెండోది హెల్మెట్.

మూడోది శిక్షకుడు లేదా గైడు. వీడియోలు చూసి నేర్చుకోవచ్చనుకుని శిక్షకుడి రుసుము మిగుల్చుకున్నవారు మిగతా రూ.1,10,000ను పణంగా పెట్టినట్టే. అనుభవం ఉన్నవారు అఫర్వత్ వెళ్తే స్థానిక గైడు, మంచు కింద చిక్కినవారిని కనిపెట్టే ట్రాన్స్‌సీవర్, ప్రోబ్ కర్ర, పార తప్పనిసరి. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ మీద మంచు చరియల కింద పడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. 2024 ఫిబ్రవరి 22న మరో ప్రమాదంలో ఒక రష్యన్ స్కీయర్ ప్రాణాలు కోల్పోయారు. గొండోలా వెళ్తుంది కదా అని ఆ కొండ అంతా భద్రమైన వాలు అనుకోవడం పొరపాటు.

బేరం ఎవరితో?

గుల్‌మార్గ్‌లో దిగగానే గుర్రాలవాళ్లు, స్లెడ్జి లాగేవాళ్లు, గైడ్లు చుట్టుముడతారు. ఎవరికెంత ఇవ్వాలో తెలియక ఎక్కువ ఇచ్చి బాధపడేవారు కొందరు, పది రూపాయల దగ్గర గొడవపడేవారు కొందరు. అధికారులు ఖరారు చేసిన రేట్ల పట్టికలు ఉంటాయి. అవి అడిగి చూసుకుంటే రెండు ఇబ్బందులూ తప్పుతాయి. 1978 నాటి జమ్మూ కశ్మీర్ పర్యాటక వ్యాపార నమోదు చట్టం కింద హోటళ్లు, ఏజెంట్లు, గైడ్లు నమోదు కావాలి. నమోదు కార్డు చూపమని అడగడం పర్యాటకుల హక్కు. ఎక్కువ వసూలు చేశారనిపిస్తే పర్యాటక శాఖకు ఫిర్యాదు చేయవచ్చు.

మంచు పడని ఏడాది పర్యాటకులు అడ్వాన్సు పోగొట్టుకుంటారు. స్లెడ్జి లాగేవాళ్లు, శిక్షకులు ఆ చలికాలపు సంపాదనే పోగొట్టుకుంటారు. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో భారత్ తరఫున పాల్గొన్న ఒకే ఒక్క క్రీడాకారుడు, స్కీయర్ ఆరిఫ్ ఖాన్ ఈ ప్రాంతపు వాడే. ఇక్కడి కుర్రాళ్లకు స్కీయింగ్ ఆటా, బతుకుతెరువూ. శిక్షకుడితో ముందే మాట్లాడుకుని, మంచు లేక రద్దయితే చిన్న మొత్తం అతనికి వదిలేసేలా ఒప్పందం చేసుకోవడం ఇద్దరికీ న్యాయం. అలా కుదుర్చుకున్న శిక్షకుడు వారం ముందే అక్కడి పరిస్థితి ఫోనులో నిజాయతీగా చెబుతాడు. ఆ కబురు విలువ ఏ వెబ్‌సైట్ ఫొటోకీ ఉండదు.

బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్‌లో పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ లేకపోతే యూపీఐ చెల్లింపులకూ ఇబ్బందే. రెండు మూడు రోజులకు సరిపడా నగదు దగ్గర ఉంచుకోవాలి.

విదేశానికి వెళ్తే చవకా?

కజకిస్థాన్‌లోని అల్మాటీ నగరం పక్కనే షింబులాక్ అనే స్కీ కేంద్రం ఉంది. 2022 నుంచి భారతీయులు 14 రోజుల వరకు వీసా లేకుండా ఆ దేశంలో ఉండవచ్చు. జార్జియాలో టిబిలిసీకి సుమారు 120 కిలోమీటర్ల దూరంలోని గుదౌరీ మరొకటి. తెలుగు రాష్ట్రాల నుంచి వైద్య విద్యకు వెళ్లినవారు ఈ రెండు దేశాల్లోనూ ఉన్నారు కాబట్టి అక్కడి వివరాలు తెలుసుకోవడం కష్టం కాదు. లిఫ్టులు, సిద్ధం చేసిన వాలులు గుల్‌మార్గ్ కన్నా ఎక్కువ. పరికరాల అద్దె, లిఫ్టు పాసు ధరలు ముందే తెలుస్తాయి. విమాన ఖర్చు, విదేశీ మారకంపై బ్యాంకు వసూళ్లు మాత్రం కలుపుకోవాలి.

యూరప్ ఆల్ప్స్ అయితే షెంజెన్ వీసా రుసుమే పెద్దలకు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. విదేశీ ప్యాకేజీ కొన్నప్పుడు వసూలు చేసే టీసీఎస్‌ను ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. అది పోయే సొమ్ము కాదు, కొన్ని నెలలు చేతిలో ఉండని సొమ్ము.

నిర్ణయాల వరుస

చాలా కుటుంబాలు ముందు టికెట్ కొని తర్వాత మిగతావి చూసుకుంటాయి. స్కీయింగ్‌కు ఈ వరుస తిరగేయాలి. మంచు పడకపోతే ఎంత పోయినా తట్టుకోగలం అన్న అంకె ముందు రాసుకోవాలి. టికెట్లు, అడ్వాన్సులు కలిపి ఆ అంకె దాటకూడదు. తర్వాత తేదీలు, ఆ తేదీలు మార్చుకోవడానికి ఒప్పుకునే బస. ఆపైన శిక్షకుడు లేదా కోర్సు. తర్వాత బీమా. విమాన టికెట్ చివర్లో, తేదీ మార్చుకునే వీలున్న రకంలో.

నమూనా లెక్కలోని ఇద్దరూ రూ.55,000కు మించి ముందే కట్టకుండా, రూ.18,000 పక్కన పెట్టుకుని బయల్దేరితే మంచు పడినా పడకపోయినా అప్పు చేయకుండా ఇంటికి చేరతారు. మొత్తం ముందే కట్టేసి, చేతిలో ఏమీ ఉంచుకోకుండా వెళ్లినవారికి మాత్రం ఒక్క విమానం రద్దయినా యాత్రంతా క్రెడిట్ కార్డు మీద పడుతుంది.